స్టేట్ ట్యాక్స్ స్లాబులు: మనవాళ్లలో తిరిగే అపోహలు, అసలు లెక్కలు

న్యూజెర్సీలో మనవాళ్ల ట్యాక్స్ రిటర్న్‌లు చేయడం నా వృత్తి. ఫెడరల్ పన్ను (అమెరికా కేంద్ర ప్రభుత్వానికి కట్టేది) గురించి చాలామందికి ఓ మాదిరి అవగాహన ఉంటుంది. స్టేట్ పన్ను దగ్గరికొచ్చేసరికి మాత్రం వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిందే వేదం. ఆ మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను ఏటా చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జీతం పెరిగి పై స్లాబులో పడితే చేతికొచ్చేది తగ్గిపోతుంది.

ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, 75 వేల నుంచి 80 వేలకు పెంచుతామంటున్నారు. 6.37 శాతం స్లాబులో పడతానట కదా, వద్దని చెప్పెయ్యనా?" గొంతులో నిజంగానే బెంగ ఉంది. కాగితం మీద లెక్క వేసి, ఫోటో తీసి పంపాను.

మినహాయింపులన్నీ పోగా మిగిలిన ఆదాయం 75 వేలు అనుకుందాం. న్యూజెర్సీలో సింగిల్‌గా (ఒంటరి వ్యక్తిగా) ఫైల్ చేస్తే మొదటి 20 వేల మీద 1.4 శాతం, అంటే 280 డాలర్లు. ఆపై 15 వేల మీద 1.75 శాతం చొప్పున 262.50. తర్వాతి 5 వేల మీద 3.5 శాతం చొప్పున 175. మిగిలిన 35 వేల మీద 5.525 శాతం చొప్పున 1,933.75. మొత్తం 2,651.25 డాలర్లు. ఇప్పుడు 80 వేలు చేయండి. కొత్తగా వచ్చిన 5 వేల మీద మాత్రమే 6.37 శాతం పడి, 318.50 డాలర్లు కలుస్తాయి. కింది లెక్కలో ఒక్క సెంటు కూడా మారదు. తమ్ముడు భయపడ్డట్టు మొత్తం 80 వేల మీద 6.37 శాతం వేస్తే 5,096 అయ్యేది. నిజంగా కట్టాల్సింది 2,969.75. సగటున 3.7 శాతం.

వరి మడులకు నీళ్లు పెట్టినట్టే ఇది. పై మడి నిండాకే నీళ్లు కింది మడిలోకి పారతాయి. అలా పారినంత మాత్రాన పై మడి ఎండిపోదు.

న్యూయార్క్‌లో ఒక మెలిక ఉంది. అక్కడ ఆదాయం 1,07,650 డాలర్లు దాటాక, తక్కువ రేట్ల స్లాబుల వల్ల కలిగిన లాభాన్ని క్రమంగా వెనక్కి తీసుకునే అదనపు లెక్క మొదలవుతుంది. అక్కడ ఆ స్థాయి జీతం ఉన్నవాళ్లు స్లాబుల పట్టిక ఒక్కటే చూసి పన్ను అంచనా వేసుకుంటే తక్కువ తేలుతుంది.

అపోహ: ఫెడరల్‌కు చూపించిన ఆదాయమే స్టేట్‌కూ. రేటు ఒక్కటే తేడా.

నన్నడిగితే రేటు కంటే ముందు చూడాల్సింది ఇదే. స్టేట్ దేన్ని ఆదాయం అంటుంది, దేన్ని వదిలేస్తుంది? మీ డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల కాగితం) తీసి ఫెడరల్ జీతం ఉండే 1వ బాక్సు, స్టేట్ జీతం ఉండే 16వ బాక్సు పక్కపక్కన పెట్టి చూడండి. న్యూజెర్సీలో చాలామందికి 16వ బాక్సులో అంకె పెద్దగా ఉంటుంది. "కంపెనీవాళ్లు తప్పు వేశారండీ" అంటూ ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. తప్పు కాదు. హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చుల కోసం దాచుకునే ఖాతాలో) వేసిన డబ్బుకూ, జీతంలోంచి పన్నుకు ముందే కట్ అయ్యే హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియానికీ ఫెడరల్ పన్ను ఉండదు. న్యూజెర్సీ మాత్రం వాటిని ఆదాయంలోనే లెక్కపెడుతుంది. ఫెడరల్‌లో ఉండే స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) కూడా ఇక్కడ లేదు. ఫైల్ చేసేవాళ్లకూ, జాయింట్ అయితే జీవిత భాగస్వామికీ తలా వెయ్యి డాలర్ల మినహాయింపు ఇస్తుంది.

నది దాటితే పెన్సిల్వేనియా. అక్కడ స్లాబులే లేవు, అందరికీ 3.07 శాతం. వినడానికి బాగుంది. కానీ మీరు 401కెలో (కంపెనీ ద్వారా నడిచే రిటైర్‌మెంట్ ఖాతాలో) దాచుకునే డబ్బు మీద కూడా ఆ పన్ను పడుతుంది. అంకె చిన్నదని ఇల్లు మారే ముందు ఈ లెక్క వేసుకోండి.

అపోహ: న్యూజెర్సీలో ఉంటూ న్యూయార్క్‌లో పనిచేస్తే రెండు చోట్లా నిండా కట్టాలి.

రెండు చోట్లా ఫైల్ చేయాలి. న్యూయార్క్‌లో నాన్ రెసిడెంట్‌గా, న్యూజెర్సీలో రెసిడెంట్‌గా. న్యూయార్క్‌లో కట్టిన పన్నుకు న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తుంది, అంటే తన పన్నులోంచి తగ్గిస్తుంది. దానికి పరిమితి ఉంది: ఆ ఆదాయం మీద న్యూజెర్సీ పన్ను ఎంతవుతుందో అంతవరకే. అందుకే న్యూయార్క్ రిటర్న్ ముందు పూర్తి చేసి, ఆ అంకెతో న్యూజెర్సీది చేస్తాం. న్యూయార్క్ సిటీ పన్ను ఆ నగరంలో నివసించేవాళ్లకే. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రైలెక్కి వెళ్లొచ్చేవాళ్లకు ఉండదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. న్యూయార్క్ మీ రేటును మీ మొత్తం ఆదాయాన్ని బట్టి తేల్చి, అందులో అక్కడి వాటాకు పన్ను వేస్తుంది. జాయింట్‌గా (భార్యాభర్తలు కలిపి) ఫైల్ చేస్తే, భార్య ఉద్యోగం న్యూజెర్సీలోనే అయినా ఆవిడ జీతం వల్ల భర్త న్యూయార్క్ జీతం మీద పడే సగటు రేటు పెరుగుతుంది. ఆ తేడాకు సరిపడా విత్‌హోల్డింగ్ (జీతంలోంచి ముందుగానే పట్టుకునే పన్ను) పెట్టుకోక ఏప్రిల్‌లో కంగారుపడ్డ జంటలను చూశాను.

అపోహ: బోనస్ మీద పన్ను ఎక్కువ.

ముందుగా పట్టుకునే కోత ఎక్కువ, పన్ను కాదు. కాలిఫోర్నియాలో బోనస్‌లు, స్టాక్ ఆప్షన్ల మీద స్టేట్ విత్‌హోల్డింగ్ 10.23 శాతం. రిటర్న్‌లో అదంతా మామూలు జీతంతో కలిసిపోతుంది. ఎక్కువ పట్టుకుని ఉంటే రిఫండ్‌గా తిరిగొస్తుంది.

అపోహ: టెక్సస్‌కు మారితే ఆ రోజు నుంచీ స్టేట్ పన్నుతో సంబంధం తెగినట్టే.

జీతం మీద స్టేట్ పన్ను లేని రాష్ట్రాలు 9. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ వాటిలో ఉన్నాయి. వాషింగ్టన్‌లో మాత్రం 2022 నుంచి పెద్ద మొత్తాల దీర్ఘకాలిక క్యాపిటల్ గెయిన్స్ (షేర్ల వంటివి అమ్మితే వచ్చే లాభం) మీద పన్ను ఉంది. టెక్సస్‌లో ఇల్లు కొంటే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు ఎంతొస్తుందో ముందే కనుక్కోండి. ఇక ఆర్‌ఎస్‌యూల (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్ల) సంగతి. కాలిఫోర్నియాలో ఉండగా గ్రాంట్ అయిన (ఇస్తామని రాసిచ్చిన) షేర్లు టెక్సస్‌కు వెళ్లాక వెస్ట్ అయితే (మీ సొంతమైతే), గ్రాంట్ నుంచి వెస్ట్ దాకా కాలిఫోర్నియాలో పనిచేసిన రోజుల నిష్పత్తిలో పన్ను అక్కడ కట్టాలి. ఏ తేదీన మారారో చూపే కాగితాలు దాచుకోండి. అద్దె ఒప్పందం, ప్యాకర్స్ బిల్లు, కొత్త డ్రైవింగ్ లైసెన్స్, అన్నీ.

అపోహ: ఇండియాతో పన్ను ఒప్పందం ఉంది కాబట్టి అక్కడి ఆదాయానికి స్టేట్ పన్ను ఉండదు.

ఆ ఒప్పందం ఫెడరల్ పన్నుకు సంబంధించింది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా రెండూ ఇండియాలో కట్టిన పన్నుకు క్రెడిట్ ఇవ్వవు. ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ (ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ప్రవాసులు పెట్టుకునే ఖాతా) మీద అక్కడ టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసినా, ఇక్కడ స్టేట్‌కు ఆ వడ్డీ మీద మళ్లీ కట్టాల్సిందే. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (విదేశీ సంపాదనను ఇండియాలో దాచుకునే ఖాతా) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా చూపించక్కర్లేదని అనుకుంటారు. చూపించాలి. ఫెడరల్‌కూ, స్టేట్‌కూ. ఈసారి మీ కాగితాలు పంపేటప్పుడు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న బ్యాంకు నుంచి జనవరి నుంచి డిసెంబర్ దాకా వచ్చిన వడ్డీ స్టేట్‌మెంట్ కూడా జతచేయండి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉండే వడ్డీ సర్టిఫికెట్ ఇక్కడి లెక్కకు సరిపోదు.