ప్రాథమిక హక్కు కాకపోతే అసలు హక్కే లేనట్టా?

మహబూబ్‌నగర్ కోర్టులో భూసేకరణ కేసులు చూడబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ముంపు ఊళ్ల నుంచి వచ్చే రైతు కుర్చీలో కూర్చోకముందే అనే మాట ఒకటుంది: "ఆస్తి హక్కు తీసేసిన్రంట కద సారూ, సర్కారు గుంజుకుంటే మనమేం చేస్తం?" ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఎన్ని కుటుంబాలను ముంచిందో నేను కళ్లారా చూశాను.

1978లో రాజ్యాంగ 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన మాట నిజం. అదే సవరణ 300-ఎ అధికరణాన్ని తెచ్చింది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని అందులో ఉంది. తీసేసిన ముచ్చట ఊరూరా తిరిగింది, పెట్టిన ముచ్చట మాత్రం కోర్టు గేటు దాటలేదు.

ప్రాథమిక హక్కుగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకొని కోర్టుకెక్కింది ఎక్కువగా జమీందార్లు. భూసంస్కరణలకు అడ్డం పడకుండా 1951లోనే మొదటి సవరణ తేవలసి వచ్చింది. మా తాత 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు. ఆయన లెక్కలో ఆస్తి హక్కంటే దొర హక్కే. ఇవాళ రెండెకరాల రైతుకు అదే హక్కు అండ. సుప్రీంకోర్టు ఆలోచన కూడా అట్లాగే మారుతూ వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డు కోసం భూమి తీసుకొని పరిహారం ఇవ్వని ప్రభుత్వం, ఏళ్లు గడిచాయి కాబట్టి భూమి మాదేనని వాదించింది. 2020లో విద్యాదేవి కేసులో కోర్టు ఆ వాదన కొట్టేసి, ఆస్తి హక్కు మానవ హక్కు అంది. 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో ఇంకా వివరంగా చెప్పింది: నోటీసు ఇవ్వాలి, మాట వినాలి, కారణాలు చూపాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఇవన్నీ 300-ఎలో భాగమే.

హక్కే లేదనుకున్న మనిషి ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేస్తాడు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. 2013 భూసేకరణ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పరిహారం చాలదని అభ్యంతరం చెబుతూనే డబ్బు తీసుకోవచ్చు. అభ్యంతరం లేకుండా తీసుకుంటే, పెంచమని 64వ సెక్షన్ కింద అడిగే దారి మూసుకుపోతుంది. "పైసలు ముట్టుకుంటే కేసు పోతది" అని అసలు తీసుకోకుండా అప్పులపాలైనవాళ్లూ ఉన్నారు. పైసలు తీసుకోండి. కాకపోతే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని కాగితం రాసి భూసేకరణ అధికారి ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. డబ్బు నేరుగా బ్యాంకులో పడుతున్నా ఆ కాగితం ముందే ఇవ్వండి.

ఒక పెద్దాయన నా దగ్గరికి రెండేళ్ల తర్వాత వచ్చాడు. ఆయన పక్క చేను రైతు ఆ ఒక్క వాక్యం రాసిచ్చాడు, ఈయన రాయలేదు. గట్టుకు ఇవతల, అవతల ఒకటే నేల. పక్కాయన కేసు నడుస్తోంది. ఈయన కాగితాలు మూడుసార్లు తిరగేసి వెనక్కి ఇచ్చేటప్పుడు నాకు మాట రాలేదు.

అసైన్డ్ భూమికి, అంటే సర్కారు పేదలకిచ్చిన భూమికి, పరిహారం రాదనేది తప్పు. పట్టా భూమితో సమానంగా ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు మేకల పాండు కేసులో చెప్పింది.

అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు, ఇచ్చేటప్పుడు మీరు అక్కడే ఉంటే, పరిహారం పెంచమని అర్జీ పెట్టడానికి ఆ తేదీ నుంచి ఆరు వారాలే గడువు. అభ్యంతరం రాసిచ్చి కూడా గడువు దాటిపోయిందా? తగిన కారణం చూపితే కలెక్టరు మరో ఏడాది లోపు మీ అర్జీ తీసుకోవచ్చు. ఆసుపత్రి చీటీ అయినా, ఆలస్యంగా అందిన నోటీసు అయినా, ఉన్నది పట్టుకొని ఈ వారమే బయలుదేరండి.