జీపీఎస్ రాకముందు నేలవేగం ఎలా తెలిసేది?

2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి దాకా సరిహద్దు ప్రాంతంలో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ పరిసరాల్లో, విమానాల జీపీఎస్‌కు 465 సార్లు ఆటంకం కలిగిందని కేంద్రం లోక్‌సభకు చెప్పింది. ఉపగ్రహాన్ని నమ్మలేనప్పుడు విమానం తన నేలవేగాన్ని, అంటే నేలతో పోల్చిన వేగాన్ని, తానే తెలుసుకోగలదా? ఈ ప్రశ్న జీపీఎస్ కన్నా చాలా పాతది.

విమానానికి ఉండే పిటాట్ గొట్టం గాలితో పోల్చిన వేగాన్నే చూపుతుంది. ఆ గాలే కదిలిపోతుంటే లెక్క ఎంత తప్పుతుందో 1944 నవంబరు 24న టోక్యో మీద తేలింది. అమెరికా బీ-29 బాంబర్లను 120 నాట్ల గాలి వెనక నుంచి తోసేసరికి వాటి నేలవేగం గంటకు 445 మైళ్లకు చేరింది. దానికి మబ్బులు తోడయ్యాయి. బయల్దేరిన 111 విమానాల్లో అసలు లక్ష్యమైన కర్మాగారం మీద బాంబులు వేయగలిగినవి 24 మాత్రమే.

దగ్గరయ్యే వస్తువు నుంచి వచ్చే తరంగం పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) పెరుగుతుందని, దూరమయ్యే వస్తువుదైతే తగ్గుతుందని క్రిస్టియన్ డాప్లర్ 1842లోనే ప్రతిపాదించాడు. 1950ల్లో బ్రిటన్ తన కాన్‌బెరా, వీ-బాంబర్లనే జెట్ బాంబర్లలో అమర్చిన ‘గ్రీన్ శాటిన్’ రాడార్ ఆ సూత్రం మీదే పనిచేసింది. ఇలాంటి రాడార్ విమానం పొట్ట కింద నుంచి ముందుకూ వెనక్కీ ఏటవాలుగా కిరణాలు పంపుతుంది. నేలను తాకి తిరిగొచ్చిన ముందు, వెనక కిరణాల పౌనఃపున్యాల తేడా వేగాన్ని చెబుతుంది. కుడి, ఎడమల తేడాను బట్టి విమానం ఎంత పక్కకు కొట్టుకుపోతోందో తెలుస్తుంది. ఆ తేడా ఎంత సన్నమో చూడండి: సెకనుకు 1,330 కోట్ల కంపనాల తరంగాన్ని క్షితిజం నుంచి కిందికి 70 డిగ్రీల వాలులో పంపితే, గంటకు 360 కిలోమీటర్ల వేగంలో ఒక్కో కిరణంలో వచ్చే మార్పు దాదాపు 3,000 కంపనాలే. దాన్ని ఆనాటి పరికరాలతో పట్టుకోవడం నా దృష్టిలో గొప్ప పనితనం.

సముద్రం మాత్రం దీన్ని ఇబ్బంది పెట్టింది. అలల్లేని నీరు అద్దంలా కిరణాన్ని అవతలికే పంపేస్తుంది, తిరిగొచ్చేది తక్కువ. అలలున్నా రీడింగు అసలు వేగం కన్నా కాస్త తక్కువగా వచ్చేది. అందుకే కొన్ని పరికరాలకు ‘ల్యాండ్’, ‘సీ’ అని మీట పెట్టారు.

1970లో బోయింగ్ 747, బయటి సంకేతాలు లేకుండా తన కదలికలను తానే కొలిచి వేగం లెక్కగట్టే ఇనర్షియల్ వ్యవస్థతో ప్రయాణికుల సేవలోకి వచ్చింది. ఆ తర్వాత పెద్ద విమానాల్లో డాప్లర్ వాడకం తగ్గిపోయింది. హెలికాప్టర్లు మాత్రం దాన్ని వదల్లేదు. జలాంతర్గాములను శబ్దంతో వెతికే సోనార్‌ను నీటిలోకి దించి, చీకట్లో ఒకేచోట నిలబడాల్సిన సీ కింగ్ హెలికాప్టర్‌కు నేలవేగం సున్నా అని చెప్పేది అదే.

జీపీఎస్ లేని చోట ఇస్రో కూడా డాప్లర్ సూత్రాన్నే నమ్ముకుంది. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3లో రేడియో తరంగానికి బదులు లేజర్ వాడే డాప్లర్ వేగమాపకం ఉంది. చంద్రయాన్-2లో అది లేదు. 2023 ఆగస్టు 23న విక్రమ్ చంద్రుడి నేలను చూసుకుంటూ, తన వేగాన్ని తానే కొలుచుకుంటూ దిగింది.