కొలెస్ట్రాల్ తగ్గితే బ్లడ్ క్యాన్సర్ వస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఓపీలో ఒకాయన కూర్చోకుండానే రిపోర్టు నా ముందు పెట్టారు. "డాక్టర్ గారూ, ఎల్‌డీఎల్ 48కి పడిపోయింది. ఇది బ్లడ్ క్యాన్సరే కదా?" అంతకుముందు ఏడాది స్టెంట్ వేయించుకున్న మనిషి. ఆ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) దానంతటది పడిపోలేదు, కార్డియాలజిస్టు కావాలనే మాత్రతో తగ్గించారు. ఫోన్‌కు వచ్చిన ఒక మెసేజ్ చదివి ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదట. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కోపమంతా ఆ మెసేజ్ రాసినవాళ్ల మీదే.

అపోహ: స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వాడి కొలెస్ట్రాల్ బాగా తగ్గిస్తే బ్లడ్ క్యాన్సర్ వస్తుంది.

రాదు. ఒక నిజాన్ని తలకిందులు చేసి ఈ పుకారు పుట్టించారు. అక్యూట్ ల్యుకేమియా (వేగంగా ముదిరే బ్లడ్ క్యాన్సర్) లాంటి జబ్బులున్న చాలామందిలో కొలెస్ట్రాల్ తక్కువగా కనిపించే మాట వాస్తవమే. విపరీతంగా పెరిగే కణాలకు కొత్త పొరలు కట్టుకోవడానికి కొలెస్ట్రాల్ కావాలి. అందుకని ల్యుకేమియా కణాలు రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాగేసుకుంటాయి. కీమో పనిచేసి జబ్బు రెమిషన్‌లోకి వచ్చాక (జబ్బు ఆనవాళ్లు కనిపించకుండా పోయాక) అదే మనిషిలో కొలెస్ట్రాల్ మళ్లీ పెరగడం మేం చూస్తుంటాం. అంటే ముందు వచ్చింది జబ్బు, ఆ తర్వాతే కొలెస్ట్రాల్ తగ్గింది.

మాత్రతో తగ్గడం వేరు. 27 స్టాటిన్ ట్రయల్స్‌లోని సుమారు 1,75,000 మంది వివరాలను కలిపి విశ్లేషించి 2012లో ప్రచురించారు. సగటున ఐదేళ్ల వాడకంలో ఏ రకం క్యాన్సరూ పెరగలేదు. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో ఎల్‌డీఎల్ 30 దగ్గరే ఉంటుంది, 48 చూసి హడలిపోవాల్సిన పనిలేదు.

దీని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఒక పెద్దావిడ. లింఫోమాకు (లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే బ్లడ్ క్యాన్సర్) నా దగ్గరే చికిత్స తీసుకుని పూర్తిగా కోలుకున్నారు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే జబ్బు తిరగబెడుతుందని ఎవరో చుట్టం చెబితే, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా మానేశారు. ఎనిమిది నెలలకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది కానీ గుండె పంపింగ్ బాగా తగ్గిపోయింది, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. లింఫోమా మాత్రం తిరిగి రాలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఆవిడ రెండుసార్లు చెకప్‌కు వచ్చారు. నేను గడ్డలు చూశాను, స్కాన్ చూశాను, మిగతా మందులు వేసుకుంటున్నారా అని అడగలేదు. ఆ బాధ నన్ను వదల్లేదు. ఇప్పుడు ప్రతి విజిట్‌లోనూ మందుల సంచి బల్ల మీద పెట్టమంటాను.

అపోహ: లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చూస్తే బ్లడ్ క్యాన్సర్ తెలిసిపోతుంది.

తెలియదు. దానికి సీబీసీ (రక్తకణాల లెక్క), స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూడటం) ఉన్నాయి, అవసరమైతే బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష ఉంది. థైరాయిడ్ ఎక్కువైనా, లివర్ దెబ్బతిన్నా, తిండి సరిగా ఒంటబట్టకపోయినా కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఏ మాత్రా వాడకుండానే బాగా తగ్గి, దాంతోపాటు బరువు తగ్గడం, విడవని జ్వరం, మెడలో గడ్డలు, చిగుళ్ల నుంచి రక్తం లాంటివి ఉంటే డాక్టర్‌ను కలవండి. ఆ లక్షణాలుంటే కొలెస్ట్రాల్ ఎంతున్నా కలవాల్సిందే.

అపోహ: క్యాన్సర్‌కే మందులు వాడుతుంటే ఇక కొలెస్ట్రాల్‌తో పనేముంది?

చాలా ఉంది. సీఎంఎల్ అనే నెమ్మదిగా ముదిరే బ్లడ్ క్యాన్సర్‌కు ఇచ్చే నైలోటినిబ్ మందు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, రక్తనాళాలు మూసుకుపోయే ముప్పునూ పెంచుతుంది. మరికొన్ని రక్త జబ్బులకు ఇచ్చే రుక్సోలిటినిబ్‌తోనూ కొలెస్ట్రాల్ పెరగొచ్చు. ఏఎల్ఎల్ అనే అక్యూట్ ల్యుకేమియా చికిత్సలో ఆస్పరజినేస్ మందు, స్టెరాయిడ్లు కలిసినప్పుడు ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) ఒక్కోసారి వేలల్లోకి వెళ్తాయి. వీళ్లకు లిపిడ్ పరీక్ష చికిత్సలో భాగమే.

స్టాటిన్‌ను మేమే ఆపమనే సందర్భం ఒకటుంది. ఫంగల్ ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చే పోసకొనజోల్ లాంటి మందులతో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్లు కలిస్తే కండరాలు తీవ్రంగా దెబ్బతినొచ్చు. అందుకే ఆ కొన్ని వారాలు ఆపుతాం, లేదా వేరే స్టాటిన్‌కు మారుస్తాం. క్యాన్సర్ భయంతో కాదు. అలా ఆపినప్పుడు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ రోజే చీటీ మీద రాయించుకోండి. "డాక్టరే ఆపమన్నారు" అంటూ ఏళ్ల తరబడి మానేసినవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.