స్వయంగా నేర్చిన రాక్ సంగీతకారులు: కొన్ని అపోహలు – వాస్తవాలు

అపోహ: నొటేషన్ (సంగీతాన్ని రాసే లిపి) రానివారి పాటలో ఏడు బీట్ల నడక వినిపిస్తే, అది లెక్క తప్పడమే.

వాస్తవం: బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ నలుగురిలో ఎవరికీ నొటేషన్ చదవడం రాదు. అయినా 1967లో వచ్చిన "ఆల్ యు నీడ్ ఈజ్ లవ్" చరణంలో ఏడు బీట్ల ఆవృత్తులు రెండు, ఎనిమిది బీట్లది ఒకటి, మళ్లీ ఏడు బీట్లది ఒకటి నడుస్తాయి. తరువాతి చరణాల్లోనూ ఇదే వరుస తప్పకుండా వస్తుంది. పొరపాటు ప్రతిసారీ ఒకే చోట జరగదు. ఆ పాట రాసిన బీటిల్ జాన్ లెనన్ మాట ముగిసిన చోటే ఆవృత్తిని ముగించాడు, నాలుగు బీట్ల కొలత నింపడానికి మాటను సాగదీయలేదు. ఆ ఏడు అక్కడ నాలుగు, మూడుగా విడుతుంది. మనకు బాగా పరిచయమైన కర్ణాటక సంగీత తాళం మిశ్ర చాపు మూడు, నాలుగుగా విడుతుంది కాబట్టి, దానిని తిరగేసిన విలోమ చాపులో శ్యామశాస్త్రి కూర్చిన తెలుగు కృతులను ముందు విని, తరువాత ఈ పాట వినమని నా గిటార్ విద్యార్థులకు చెబుతుంటాను.

అపోహ: ఇటువంటి పాటలకు ముందుగా బీట్ల లెక్క వేసుకుని, ఆ తరువాతే బాణీ కడతారు.

వాస్తవం: "స్పూన్‌మ్యాన్" వంటి ఏడు బీట్ల పాటలు చేసిన సౌండ్‌గార్డెన్ బృందం, పాట పూర్తయ్యాకే ఆ లెక్క గమనించేది.

అపోహ: పాట స్కేల్‌లో (స్వరాల వరుసలో) ఇమడని స్వరం వాయిస్తే అపస్వరమే.

వాస్తవం: గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ "పర్పుల్ హేజ్"లో వాడిన E7♯9 (ఇ సెవెన్ షార్ప్ నైన్) కార్డ్‌ను, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపును, పరిశీలించండి. E స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే, అందులో అంతర గాంధారం కింద, సాధారణ గాంధారం పై స్థాయిలో ఒకేసారి మోగుతాయి. బ్లూస్ గాయకులు ఈ రెండు గాంధారాల మధ్య గొంతును జార్చుతూ పాడతారు. హెండ్రిక్స్ ఆ జారుడును ఒకే పట్టులో బిగించాడు. అందుకే ఆ కార్డ్ కరుకుగా ఉన్నా పాటకు పరాయిదిగా అనిపించదు. జాజ్‌లో అంతకు ముందే ఉన్న కార్డ్ ఇది, కానీ రాక్ శ్రోతల చెవికి ఎక్కించింది మాత్రం ఆయనే.

అపోహ: శిక్షణ లేకపోవడమే వీరి బలం.

వాస్తవం: నేను అన్నిటికంటే గట్టిగా ఖండించేది దీనినే. బడిలో కాకపోయినా, వీరు సాధన ద్వారా శిక్షణ పొందినవారే. హెండ్రిక్స్ పేరు తెచ్చుకోక ముందు ఐస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ బృందాల్లో వాయించాడు. బీటిల్స్ 1960–62 మధ్య హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి ఇతరుల పాటలు వాయించారు. బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్ అయితే 1966లో పండిట్ రవిశంకర్ వద్ద సితార్ అభ్యాసం ప్రారంభించాడు. ఆయన రాసిన 1969 నాటి "హియర్ కమ్స్ ద సన్" మధ్యభాగంలో మూడేసి స్వరాల గుంపులు నాలుగు బీట్ల నడకను విడదీస్తూ సాగుతాయి.