ఒకే నల్లా, రెండు రిపోర్టులు: కోలిఫాం పరీక్షల వెనక కథ

వానలు మొదలైతే ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఈ పేచీ తప్పదు. పంచాయతీలో నీళ్ల పరీక్షకు పెట్టిన సీసా నల్లబడుతుంది, అంటే నీళ్లు కలుషితమని అనుమానం. అదే నల్లా నీళ్లకు ల్యాబ్ నుంచి ‘కోలిఫాం లేదు’ అని రిపోర్టు వస్తుంది. కోలిఫాం అంటే నీళ్లలో మలం కలిసిందేమో తెలుసుకోవడానికి వెతికే బ్యాక్టీరియా. రెండిట్లో ఏదీ తప్పు కాకపోవచ్చు. ఒక్కో మీడియం (బ్యాక్టీరియాను పెంచే పోషక పదార్థం) ఒక్కో లక్షణాన్ని పట్టడానికి పుట్టింది.

1905లో మెకాంకీ అనే శాస్త్రవేత్త పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌కు పైత్య లవణాలు కలిపి వాడాడు. పేగుల్లో బతికే బ్యాక్టీరియా పైత్యాన్ని తట్టుకుంటుంది, మిగతావి చాలావరకు ఆగిపోతాయి. కోలిఫాం వల్ల లాక్టోజ్ పులిస్తే రంగు మారుతుంది, లోపల బోర్లించిన డర్హమ్ గొట్టంలో గ్యాస్ బుడగ నిలుస్తుంది. ఇప్పటికీ అదే పద్ధతి: రెట్టింపు గాఢత బ్రాత్ (ద్రవ మీడియం) 10 మి.లీ. ఉన్న అయిదు గొట్టాల్లో 10 మి.లీ. చొప్పున నీళ్లు, మామూలు గాఢత బ్రాత్‌లో 1 మి.లీ. అయిదింటికి, 0.1 మి.లీ. అయిదింటికి. 37 డిగ్రీల దగ్గర 48 గంటలు. 10 మి.లీ. గొట్టాలు అయిదూ పాజిటివ్ అయి (గ్యాస్ వచ్చి), మిగతావేవీ కాకపోతే అంచనా పట్టిక ప్రకారం 100 మి.లీ.కి 23 బ్యాక్టీరియా. కానీ అసలు సంఖ్య సుమారు 7 నుంచి 70 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 23కూ 40కూ తేడా ఉందని వాదులాడటం వృథా.

పైత్య లవణాలు బ్యాచ్‌కో తీరుగా ఉంటాయి. పైగా క్లోరిన్ దెబ్బ తిని కొనప్రాణంతో ఉన్న బ్యాక్టీరియా వాటిలో లేవదు. అందుకే 1941లో మాల్‌మన్, డార్బీ అనే పరిశోధకులు పైత్య లవణాల బదులు లారిల్ సల్ఫేట్ అనే రసాయనం వాడే బ్రాత్ తెచ్చారు. అందులోనూ ఇతర బ్యాక్టీరియా గ్యాస్ ఇవ్వగలదు కాబట్టి బ్రిలియంట్ గ్రీన్ బ్రాత్‌లో నిర్ధారణ, ఆ తర్వాత వేడిని తట్టుకునే మలసంబంధ రకాలను పట్టడానికి ఈసీ అనే బ్రాత్‌లో 44.5 డిగ్రీల పరీక్ష తప్పవు. మొత్తం మూడు నాలుగు రోజుల పని.

నీళ్లను వడకట్టి బ్యాక్టీరియాను పట్టే 0.45 మైక్రాన్ల రంధ్రాల పలుచని ఫిల్టర్, అంటే మెంబ్రేన్‌తో ఒక్క రోజులో లెక్క వస్తుంది, నీళ్లు తేటగా ఉంటేనే. వానాకాలంలో ధర్మసాగర్ లాంటి చెరువుల ముడి నీళ్లు పోస్తే ఒండ్రుతో ఫిల్టర్ మూసుకుపోతుంది. అప్పుడు గొట్టాలే దిక్కు. 1988లో ఎడ్బర్గ్ బృందం ప్రకటించిన ఎంజైమ్ మీడియంలో కోలిఫాం ఉంటే పసుపు, ఇ.కోలై (మలం నుంచి వచ్చే కోలిఫాం) ఉంటే 365 నానోమీటర్ల అతినీలలోహిత వెలుగులో నీలి మెరుపు కనిపిస్తాయి. ప్రమాదకరమైన ఇ.కోలై ఓ157 రకం మాత్రం సాధారణంగా మెరవదు.

పంచాయతీ సీసాది వేరే పుట్టుక. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనా సంస్థకు చెందిన మాంజా, మౌర్య, రావు తయారు చేశారు. ఇది లాక్టోజ్‌ను పట్టించుకోదు, బ్యాక్టీరియా వదిలే వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను చూస్తుంది. సిట్రోబాక్టర్, సాల్మొనెల్లా, క్లాస్ట్రిడియం ఇనుప లవణాన్ని నల్లబరుస్తాయి, ఇ.కోలై సాధారణంగా నల్లబరచదు. గంధకం వాసన వచ్చే బోరు నీళ్లయితే బ్యాక్టీరియా లేకున్నా గంట రెండు గంటల్లోనే నల్లబడతాయి. ఆ సీసాను లెక్కలోకి తీసుకోకూడదు.

పరిమాణంలోనూ తేడా ఉంది. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మి.లీ.లో ఇ.కోలై కనిపించకూడదు, ఈ సీసాలో పట్టేది సుమారు 20 మి.లీ. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది క్లోరిన్‌ను విరిచే రసాయనం థయోసల్ఫేట్. పంచాయతీ సీసా మీడియంలో అది ముందే ఉంటుంది, క్లోరిన్ వెంటనే విరిగిపోతుంది. ల్యాబ్‌కు పంపే సీసాలో వేయకపోతే మిగిలిన క్లోరిన్ దారి పొడవునా బ్యాక్టీరియాను చంపుతూనే ఉంటుంది, రిపోర్టు శుభ్రంగా వస్తుంది.