పుల్లరి ఎగ్గొట్టింది ఎవరు? చరిత్ర నవలల తగువు వెనక కథ

చరిత్ర నవలలో హత్య పెట్టొచ్చా, పెట్టినా ఆ నేరాన్ని నిజంగా బతికిన రాజు నెత్తిన రుద్దొచ్చా అని నెల్లూరులో పుస్తకాలు చదివేవాళ్ల మధ్య తగువు మళ్లీ మొదలైంది. ఈమధ్య వస్తున్నవి చాలావరకు ఇదే పద్ధతి. మొదటి అధ్యాయంలో కోట వెనక శవం, రెండో అధ్యాయంలో వంశవృక్షం, ఆ తర్వాత ఎవరు చంపారో తేలేదాకా మంత్రాలోచనలు. నేను మిస్టరీలూ చదువుతాను, చరిత్ర నవలలూ చదువుతాను, రెండూ కలిపి వండినవీ వదలను. మాట ఎక్కడ మొదలుపెట్టినా ఇక్కడివాళ్లు చివరికి తేలేది పంచలింగాల యుద్ధం దగ్గరే, అంటే 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధికీ, పశువుల మందల నాయకుడు కాటమరాజుకీ పుల్లరి (మేత పన్ను) మీద జరిగిన పోరు దగ్గరే కాబట్టి కాస్త వెనక్కి వెళ్లాలి. ఆ రాజు కొలువులో కవి తిక్కన సోమయాజి ఎవరు, దండనాయకుడు ఖడ్గతిక్కన ఆ యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే ఇంట్లో ఆడవాళ్లు ఎలా ఎద్దేవా చేశారు అన్నది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

నన్నడిగితే అసలు మలుపు 13వ శతాబ్దంలో లేదు, 1970ల్లో ఉంది. తంగిరాల వెంకట సుబ్బారావు గారు సేకరించి పరిష్కరించిన కాటమరాజు కథలను అప్పుడే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చువేసింది. అంతకుముందు మామూలు పాఠకుడికి అందింది ఒక పక్షం సాక్ష్యమే, అంటే కోట వైపు చాటుపద్యాలు, వాటిని పట్టుకుని రాసిన పాఠాలు. రెండో పక్షం లేక కాదు, వీరణం వాయిస్తూ రాత్రంతా కథ చెప్పే కొమ్మువాళ్ల నోట్లో ఉంది. దాన్ని సాక్ష్యం కింద ఎవరూ లెక్కేయలేదు, అంతే.

ఆ సాక్ష్యం ఏం చెబుతుందంటే, కనిగిరి సీమలో కరువొచ్చి కాటమరాజు మందలు దక్షిణానికి దిగాయి. నెల్లూరు రాజు పచ్చికల్లో మేపుకోవడానికి కౌలు రాసుకున్నారు, పుల్లరి కింద కోడెదూడలు ఇవ్వాలి. ఇక్కడిదాకా రెండు వైపులా పేచీ లేదు. తర్వాత రాజు ఉంపుడుగత్తె కుందమాదేవి చిలుక ఆవుల్ని బెదరగొడితే గొల్లలు బాణమేసి కొట్టారు, ఆమె కోపంతో పశువుల్ని చంపించింది, మా మందను మీరే నరికాక ఇంకేం పుల్లరి అని కాటమరాజు ఎదురు తిరిగాడు. రాయబారానికి భట్టు వచ్చాడు, పని కాలేదు, పాలేటి ఒడ్డున ఆ పంచలింగాల యుద్ధం జరిగింది. కోట వైపు చెప్పేది ఒక్క ముక్క: ఒప్పుకున్న పన్ను కట్టలేదు కాబట్టి దండెత్తాం. చిలుక సంగతి అందులో లేదు. కథలో రాజు పేరు కూడా వేరే, నల్లసిద్ధి. మనుమసిద్ధి అని మనం అనుకుంటున్నది చరిత్రకారులు జత చేసి చూశాక.

మిస్టరీ చదివేవాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. ఇద్దరు సాక్షులు, ఒకే నేరం, నిందితుడి పేరు దగ్గరే తేడా.

శాసనం ఉందా అనే ప్రశ్న మనకి అలవాటైంది మాత్రం ఇంకా ముందే. బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను 1905లో మూడు సంపుటాలుగా తెచ్చారు. అప్పట్లో కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోదే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకే అటు పోయింది, తర్వాత దానికే ప్రకాశం అని పేరు మార్చారు. ఆ సంపుటాలు గొప్ప పని, కాదనను. కానీ రాయి చెక్కించేది దానం ఇచ్చే స్తోమత ఉన్నవాడు. మంద తోలుకుని పోయేవాడు శాసనం వేయిస్తాడా? అందుకే శాసనంలో లేదు కాబట్టి నవలలో రాయకూడదు అనే పెద్దమనుషుల వాదన వినడానికి బాగుంటుంది గానీ ఎప్పుడూ కోట వైపే తీర్పు ఇస్తుంది.

అలాగని కొత్త రచయితల్ని వెనకేసుకు రావడం లేదు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు పాద్రీ డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. దయ్యాలూ మాయలూ పనికిరావన్నది ఒకటి, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలన్నది ఇంకొకటి. మన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కూడా ఆధారం చూసే ముందుకు కదిలేవాడు. ఇప్పటి చరిత్ర మిస్టరీల్లో నేను చూస్తున్న లోటు అదే. ఏది దొరికిన ఆధారమో, ఏది రచయిత అల్లిందో చివరిదాకా చెప్పరు. అడిగితే ఇది నవలండీ అంటారు, పొగిడితే మాత్రం పదేళ్ల పరిశోధన అంటారు! 13వ శతాబ్దపు దండనాయకుడు టీవీ సీరియల్ బావగారిలా మాట్లాడటం ఇంకో బాధ, దాని గురించి మొదలుపెడితే ఇవాళ తెమలదు.

ప్రస్తుతానికి గొడవ ఆఖరి పేజీ మీద నడుస్తోంది. పుస్తకం చివర రచయిత తన కల్పనలేవో ఒప్పుకుంటూ రెండు పేజీలు రాయాలని ఒక వర్గం అంటుంటే, అలా రాస్తే సస్పెన్స్ పోతుందని రెండో వర్గం అంటోంది. చివర రాసేదానికి సస్పెన్స్ ఎలా పోతుందో మాత్రం వాళ్లు ఇంకా చెప్పలేదు.