రెండు కార్లు, రెండుసార్లు రాసిన ఒక ఆట

బేస్‌బాల్ క్విజ్‌లలో పాతతరం ఆటగాళ్ల మీద ఒక తేలికైన ప్రశ్న ఉండేది. కెరీర్ మొత్తం మీద అత్యధిక బ్యాటింగ్ సగటు ఎవరిది? టై కాబ్, 0.367. కళ్లు మూసుకుని చెప్పేసేవాళ్లు. 2024 మే 29 నుంచి ఆ జవాబుకు మార్కులు పడటం లేదు. ఆ రోజు అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ తన రికార్డుల్లో నీగ్రో లీగ్స్ (ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకున్న లీగ్‌లు) లెక్కలను కలిపింది. చనిపోయిన 77 ఏళ్లకు ఆ లీగ్‌ల ఆటగాడు జాష్ గిబ్సన్ 0.372తో జాబితాలో మొదటికొచ్చాడు.

కొందరు అభిమానులకు ఇది మింగుడు పడలేదు. దాదాపు వందేళ్లనాటి అంకెను ఇప్పుడు కదిలించడమేంటి అన్నారు. అయితే కాబ్ అంకెలు ఎప్పుడూ రాతి మీద చెక్కినవి కావు. వాటి మీద గొడవ మొదలైందే 1910లో, అదీ ఒక కారు కోసం.

ఈ సగటును క్రికెట్ సగటుతో కలిపి చూస్తే తికమకే. బ్యాటర్‌కు లెక్కలోకి వచ్చే అవకాశాలు ఎన్ని, వాటిలో ఎన్ని హిట్లు కొట్టాడు, అంతే లెక్క. పదింటికి మూడు కొడితే 0.300, దాన్నే మంచి బ్యాటింగ్ అంటారు. బంతి కొట్టి బేస్ (పరుగు తీస్తూ చేరుకోవాల్సిన మజిలీ) చేరినంత మాత్రాన అది హిట్ అయిపోదు. ఫీల్డర్ తప్పు వల్ల చేరాడా, బ్యాటర్ గొప్పతనం వల్ల చేరాడా అన్నది అధికారిక స్కోరర్ తేలుస్తాడు. అంటే ఈ అంకెల వెనక పెన్ను పట్టుకుని కూర్చున్న ఒక మనిషి ఉంటాడు. ఈ కథలో ఆ మనిషికి లంచం కూడా చూపించారు.

1910 సీజన్‌లో డెట్రాయిట్‌కు చెందిన కార్ల తయారీదారు హ్యూ చామర్స్ ఒక ప్రకటన చేశాడు. మేజర్ స్థాయిలో ఉన్న అమెరికన్, నేషనల్ లీగ్‌లు రెండింటిలో కలిపి ఎవరి బ్యాటింగ్ సగటు ఎక్కువైతే వాళ్లకు చామర్స్ కారు బహుమతి. అప్పటికి కారంటే మామూలు మాట కాదు. పోటీ చివరికి ఇద్దరి మధ్య మిగిలింది. ఒకరు డెట్రాయిట్ టైగర్స్ ఆటగాడు టై కాబ్, వయసు 23. మహా ప్రతిభావంతుడు, అంతే కోపిష్టి. రెండోవాడు క్లీవ్‌లాండ్‌కు చెందిన నాప్ లాజవే, 36 ఏళ్లవాడు. జనం ఎంతగా నెత్తిన పెట్టుకున్నారంటే, జట్టు పేరే అతని పేరు మీద ‘నాప్స్’ అయింది. ఒక ఆటగాడి పేరు జట్టుకు పెట్టడం అప్పుడూ వింతే.

ఆధిక్యం చేతిలో ఉందనుకున్న కాబ్ చివరి రెండు ఆటలకు దిగలేదు. అక్టోబర్ 9న సెయింట్ లూయిస్‌లోని స్పోర్ట్స్‌మన్స్ పార్క్‌లో బ్రౌన్స్ జట్టుతో క్లీవ్‌లాండ్‌కు ఒకే రోజు రెండు ఆటలు. బ్రౌన్స్ మేనేజర్ జాక్ ఓకానర్ తన థర్డ్ బేస్‌మన్ (మూడో బేస్ దగ్గర కాపు కాసే ఫీల్డర్) రెడ్ కారిడన్‌ను బాగా వెనక్కి, ఔట్‌ఫీల్డ్ గడ్డి దగ్గరకు వెళ్లి నిలబడమన్నాడు. కారిడన్ అప్పుడప్పుడే మేజర్ లీగ్‌కు వచ్చిన కుర్రాడు, మేనేజర్ మాట కాదనగలడా?

లాజవే మొదటిసారి బంతిని దూరంగా బాది మూడో బేస్ దాకా పరుగెత్తాడు. అది నికార్సైన దెబ్బ. తర్వాత అతనికి కళ్లముందున్నది కనిపించింది. థర్డ్ బేస్ వైపు ముందంతా ఖాళీ. ఇక బంతిని బ్యాట్‌తో మెల్లగా తట్టి అటు దొర్లించడం మొదలుపెట్టాడు. దీన్నే బంట్ అంటారు. కారిడన్ అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బంతి అందుకునే సరికి లాజవే ఫస్ట్ బేస్ మీద నిలబడి ఉండేవాడు. మళ్లీ బంట్. మళ్లీ హిట్. రెండు ఆటలూ ముగిసేసరికి ఎనిమిదికి ఎనిమిది హిట్లు.

ఇవి కాక ఇంకొక్క బంతిని మాత్రం స్కోరర్ హిట్‌గా రాయలేదు, అది అవకాశాల లెక్కలోకీ రాలేదు. బ్రౌన్స్ కోచ్ హారీ హవెల్‌కు అది నచ్చలేదు. దాన్ని హిట్‌గా మారిస్తే కొత్త సూటు కుట్టిస్తామని స్కోరర్‌కు చీటీ వెళ్లింది. స్కోరర్ ఒప్పుకోలేదు. కారు బహుమతిని తేల్చే లెక్కకు సూటు గుడ్డ లంచం, బేరం మరీ చవక.

అమెరికన్ లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్ విచారణ జరిపాడు. లాజవే గట్టిగా కొడతాడు కాబట్టి వెనక్కి ఉండమని మేనేజర్ చెప్పాడన్నాడు కారిడన్. కుర్రాడిది తప్పు లేదని తేల్చారు. ఓకానర్, హవెల్ ఇద్దరినీ లీగ్ నుంచి సాగనంపారు. ఆఖరి లెక్కలో కాబ్ 0.385, లాజవే 0.384. టైటిల్ కాబ్‌కు దక్కింది. చామర్స్ మాత్రం వ్యాపారి బుర్ర ఉపయోగించి ఇద్దరికీ చెరో కారు ఇచ్చేశాడు. అంత ప్రచారం డబ్బులు పెట్టినా వచ్చేది కాదు. మరుసటి ఏడాది నుంచి సగటు గొడవ లేకుండా, ఓటింగ్‌తో ఎంచిన ఆటగాడికి కారు అని పద్ధతి మార్చాడు. 1911లో అమెరికన్ లీగ్ తరఫున దాన్ని గెలిచింది మళ్లీ కాబే!

ఇది ఇక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత పీట్ పామర్ అనే గణాంకాల పరిశోధకుడు పాత లెడ్జర్లు తిరగేస్తుంటే 1910లో కాబ్ ఆడిన ఒక ఆట రెండుసార్లు ఎక్కిందని తేలింది. ఆ ఆటలో కాబ్ లెక్క మూడింటికి రెండు హిట్లు. దాన్ని ఒకసారి కొట్టేస్తే అతని సగటు 0.383కు దిగుతుంది. అంటే గెలిచింది లాజవే. అంత నాటకం ఆడకపోయి ఉంటే అతను గెలిచేవాడా అంటే, అదీ లేదు. 1981లో ‘స్పోర్టింగ్ న్యూస్’ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. మేజర్ లీగ్ బేస్‌బాల్ పెద్ద, కమిషనర్ బోవీ కూన్ మాత్రం రికార్డు మార్చేది లేదన్నాడు. చరిత్రను తవ్వుకుంటూ పోతే అంతెక్కడ అన్న భయం కావచ్చు.

దీంతో 1907 నుంచి 1915 దాకా కాబ్ వరుసగా తొమ్మిదేళ్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచాడన్న మాట లీగ్ పుస్తకంలో నిజం, పరిశోధకుల పుస్తకంలో కాదు. అతని మొత్తం హిట్లదీ అదే తీరు. లీగ్ లెక్క 4,191, పరిశోధకుల లెక్క 4,189. ఈ రెండు హిట్ల తేడా 1985లో తమాషా చేసింది. సిన్సినాటి జట్టు ఆటగాడు పీట్ రోజ్ సెప్టెంబర్ 11న సిన్సినాటిలో సొంత జనం మధ్య 4,192వ హిట్ కొట్టి కాబ్‌ను దాటాడని ఊరంతా పండగ చేసుకుంది. సరైన లెక్క ప్రకారం అయితే మూడు రోజుల ముందే, షికాగోలో, పరాయి మైదానంలో ఆ పని అయిపోయింది. అక్కడెవరూ బాణసంచా కాల్చలేదు.

ఒక గీత ఎక్కువ పడటం వల్ల వచ్చిన తంటా ఇది. అసలు రాయకపోవడం వల్ల వచ్చింది ఇంకా పెద్దది. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి క్యాచర్ టొలీడో జట్టుకు ఆడాడు. ఆ తర్వాత జట్ల యజమానులు లోపాయికారీగా తలుపు మూసేశారు. రూలు పుస్తకంలో అలాంటి నియమం ఎక్కడా కనిపించదు. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఈలోగా నల్లజాతి ఆటగాళ్లు తమ లీగ్‌లు తామే పెట్టుకున్నారు. 1920లో రూబ్ ఫోస్టర్ కాన్సాస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ మొదలుపెట్టాడు.

1969లో ఏ లీగ్‌లను ‘మేజర్’గా గుర్తించాలో తేల్చడానికి కమిటీ వేశారు. ఆరు లీగ్‌లు ఎంచారు. వాటిలో 1884లో ఒక్క సీజన్ ఆడి మూతబడిన యూనియన్ అసోసియేషన్ ఉంది, 1890లో ఒక్క ఏడాది నడిచిన ప్లేయర్స్ లీగ్ ఉంది. దశాబ్దాలు నడిచిన నీగ్రో లీగ్స్ మాత్రం లేవు. వద్దనడానికైనా వాటి పేరు చర్చకు రాలేదు. పొరపాటున గీత రెండుసార్లు పడటాన్ని క్షమించొచ్చు. ఇది ఆ కోవలోది కాదు. ఆ నిర్ణయాన్ని సవరించి, 1920–48 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగ్స్‌ను మేజర్‌గా గుర్తిస్తున్నామని 2020 డిసెంబర్‌లో ప్రకటించారు. 2,300 మందికి పైగా ఆటగాళ్లు రికార్డుల్లోకి వచ్చారు.

గిబ్సన్, కాబ్ ఇద్దరూ జార్జియా రాష్ట్రంలోనే పుట్టారు, ఇద్దరూ డిసెంబర్‌లోనే. పోలిక అక్కడితో సరి. గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్లకే పోయాడు. రాబిన్సన్ మైదానంలోకి అడుగుపెట్టింది అదే ఏడాది ఏప్రిల్‌లో.

విమర్శకులు అనేదాంట్లో ఒకటి మాత్రం నిజం. కాబ్ సగటు పదకొండు వేలకు పైగా అవకాశాల మీద వచ్చింది, గిబ్సన్‌ది రెండు వేల పైచిలుకు మీద. కానీ నీగ్రో లీగ్స్‌లో సీజన్లు చిన్నవి. బతుకుతెరువు కోసం ఊరూరా తిరిగి ఆడిన ఆటలే ఎక్కువ, అవి లెక్కలోకి రావు. గిబ్సన్ దాదాపు 800 హోమ్ రన్లు (ఒకే దెబ్బకు బేస్‌లన్నీ చుట్టి వచ్చే హిట్లు) కొట్టాడని బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లోని అతని ఫలకం మీద ఉంటుంది. కొత్త అధికారిక లెక్కలో రెండు వందలు కూడా లేవు.

ఆ లెక్కను కూడబెట్టింది పాత పత్రికలు వెతికినవాళ్లు. ‘పిట్స్‌బర్గ్ కొరియర్’, ‘షికాగో డిఫెండర్’ లాంటి నల్లజాతి పత్రికల్లో చిన్న అచ్చుతో వచ్చిన స్కోరు పట్టీలను ఒక్కొక్కటే ఏరి కలిపారు. 2024 నాటికి దొరికింది మొత్తంలో సుమారు ముప్పాతికే. మిగతా పట్టీలు ఏ గ్రంథాలయం మైక్రోఫిల్మ్‌లోనో బయటపడితే 0.372 కూడా కాస్త పైకో కిందికో జరుగుతుంది.